ఎదుటి పుట: ఒక స్కోరు పుస్తకం ఆత్మకథ

స్కోరు పుస్తకం అంటే క్రికెట్ పోటీలో పడిన ప్రతి బంతికీ లెక్క చూపే చిట్టా. పరుగు వచ్చినా రాకపోయినా, వికెట్ పడినా పడకపోయినా, ఆ బంతికి గుర్తు ఒకటి దానిలో ఉండి తీరాలి. ఏలూరులోని ఒక క్రికెట్ క్లబ్బు బీరువాలో, అట్ట ఊడిపోయే దశలో ఉన్న ఈ పుస్తకం ఇక్కడ తన జీవితాన్ని తానే చెప్పుకొంటున్నది. అయితే లెక్క రాసేవాడి ప్రస్తావన లెక్కలో రాకూడదన్న మర్యాదను పాటించి, తనను కూడా ప్రథమ పురుషలోనే పేర్కొంటున్నది. దాని జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటనలు తక్కువే గాని, అది సాక్ష్యం చెప్పవలసిన వివాదం ఒకటి ఉంది: ఆటలో బొత్తిగా రాణించకపోయినా ఏళ్ల తరబడి జట్టులో కొనసాగిన ఆటగాళ్లలో అందరికంటె నాసి ఆటగాడు ఎవరన్నది. ఈ ప్రశ్న మీద వాదించుకొనేవారు ముందుగా తెరిచేది స్కోరు పుస్తకాన్నే కాబట్టి, దానిలో ఏది ఏ పుటలో వెతకాలో చెప్పవలసిన బాధ్యత కూడా ఆ పుస్తకం మీదే ఉంది.

దీని అమరిక తెలిస్తేగాని వాదం బోధపడదు. ఒక్కొక్క ఇన్నింగ్సుకు, అంటే ఒక జట్టు ఒకసారి చేసే బ్యాటింగుకు, ఒక్కొక్క పుట కేటాయించి ఉంటుంది. పుట పైభాగంలో బ్యాటింగు చేసే పదకొండు మంది పేర్లు, వారు చేసిన పరుగులు, ఎలా అవుటయ్యారన్న వివరం వస్తాయి, కింది భాగంలో వారికి బంతులు వేసిన ఎదుటి జట్టు బౌలర్ల లెక్క వస్తుంది. పరుగు రాని బంతికి చుక్క పెడతారు. ఓవరులోని ఆరు బంతులకూ ఆరు చుక్కలే పడితే వాటిని గీతతో కలిపి ఇంగ్లీషు ఎమ్ అక్షరంగా మారుస్తారు, దానినే మెయిడెన్ అంటారు. అటువంటి ఓవరులో వికెట్ కూడా పడితే ఆ గీత డబ్ల్యూ అక్షరంగా తిరుగుతుంది. క్యాచ్ పట్టి అవుట్ చేసినప్పుడు సీ అక్షరం పక్కన పట్టినవాడి పేరు, బీ అక్షరం పక్కన బంతి వేసినవాడి పేరు రాస్తారు. అంటే ఒక ఆటగాడు చేసిన పరుగులు సొంత జట్టు పుటలో ఉంటే, అతను పట్టిన క్యాచ్‌లూ తీసిన వికెట్లూ ఎదుటి జట్టు పుటలో ఉంటాయి. నాసి ఆటగాడెవరన్న వాదంలో పొరపాటు సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే వాదించేవారు మొదటి పుట చూసి, రెండోది తిప్పకుండానే తీర్పు చెప్పేస్తారు.

మొదటి పుట ఇచ్చే కొలమానాన్ని సగటు అంటారు: మొత్తం పరుగులను అవుటైన సార్లతో భాగిస్తే వచ్చే అంకె. క్రికెట్‌కు దాయాది అనదగిన బేస్‌బాల్‌లో సగటు లెక్క వేరు. కొట్టడానికి వచ్చిన అవకాశాలలో ఎన్నిటిని సురక్షితమైన దెబ్బగా మలిచాడన్నది అక్కడ చూస్తారు, వెయ్యికి 250 దాటితే ఫరవాలేదంటారు, 300 దాటితే మెచ్చుకొంటారు. ఆ లెక్క ప్రకారం అమెరికాలో ఈ వాదం ఎప్పుడు వచ్చినా ముందు వినబడే పేరు బిల్ బెర్గెన్. అతను 1901 నుంచి 1911 వరకు సిన్సినాటి, బ్రూక్లిన్ జట్లకు 947 పోటీలలో ఆడి, 3,028 అవకాశాలలో 516 దెబ్బలు మాత్రమే కొట్టాడు, అంటే వెయ్యికి 170. అన్ని అవకాశాలు దక్కినవారిలో అంత తక్కువ సగటు మరొకరికి లేదు. 1974 నుంచి 1982 వరకు ఆడిన మారియో మెండోజాకు వెయ్యికి 215 వచ్చినా, ఆ దేశంలో కొట్టడం చేతకానితనానికి హద్దుగా చెప్పుకొనే 200 అంకెకు మెండోజా గీత అన్న పేరే స్థిరపడిపోయింది. అయితే బెర్గెన్ క్యాచర్, అంటే క్రికెట్‌లో వికెట్ కీపరు నిలిచే చోట కూర్చొని బంతులు అందుకొనేవాడు. పరుగెత్తి తరవాతి స్థానాన్ని దొంగిలించబోయేవారిని విసురుతో ఆపడంలో ఆ కాలంలో అతనికి మంచి పేరుండేది. బ్రూక్లిన్ జట్టువారు అతనిని ఏళ్ల తరబడి ఎందుకు ఉంచుకొన్నారో తెలియాలంటే వారి ఎదుటి జట్ల లెక్కలు చూడాలి.

బెర్గెన్, మెండోజాలు వృత్తి ఆటగాళ్లు, అంటే ఆడినందుకు డబ్బు తీసుకొనేవారు. ఈ నిర్వచనం ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు జట్ల మధ్య జరిగే పోటీలకు వర్తించదు. రాష్ట్రాలు, ప్రాంతాల జట్లు తలపడే రంజీ ట్రోఫీలో కూడా చాలా కాలం ఆటగాళ్లకు దక్కింది నామమాత్రపు బత్తెమే. కాబట్టి ఈ పుస్తకానికి స్వయంగా తెలిసిన ఉదాహరణ వృత్తి ఆటగాడిది కాదు. అయినా ప్రశ్నలోని కీలకం జీతం కాదు, పరుగులు చేయని మనిషిని జట్టు మళ్లీ మళ్లీ ఎందుకు పిలుస్తుందన్నది. దానికి ఈ పుస్తకంలో చక్కని సాక్ష్యం ఉంది.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ, తమ్మిలేరు, బుడమేరు తెచ్చే నీటితో నిండి, ఆ నీటిని ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి వదిలే మంచినీటి సరస్సు కొల్లేరు. దాని మధ్య మెరక మీద వెలసిన ఊళ్లను లంకలంటారు. అటువంటి ఒక లంక ఊరి నుంచి, తాటి దోనె దిగి బస్సెక్కి వచ్చే ఆటగాడు ఈ క్లబ్బు జట్టులో పదకొండో స్థానంలో బ్యాటింగు చేసేవాడు. జట్టులోని చిన్నవాళ్లందరూ ఆయనను బాబాయి అనేవారు కాబట్టి ఇక్కడ కూడా ఆ పేరే చాలు. బ్యాటు పట్టుకొంటే ఆయన ఎంత నిస్సహాయుడో పుటలు చెబుతాయి: పేరు పక్కన ఒకటి రెండు చుక్కలు, తరవాత వికెట్ గుర్తు, మొత్తం గడిలో సున్నా, లేదా అవతలివాడు అవుటైపోయినందువల్ల నాటౌట్‌గా మిగిలిన సున్నా. ఏలూరు తివాచీలకు పేరుపడిన ఊరే అయినా, ఆటకు పరిచేది కొబ్బరి పీచు మ్యాటు. చుట్టూ మేకులు దిగ్గొట్టి బిగించిన ఆ మ్యాటు మీద బంతి ఉన్నట్టుండి పైకి లేస్తుంది, బ్యాటు అంచుకు తగిలి వెనక్కి పోతుంది. వెనక వికెట్ కీపరు పక్కన స్లిప్ అనే స్థానంలో బాబాయి నిలబడేవాడు. విసురువల తాడు గుంజి గుంజి కాయలు కాచిన అరచేతులు మోకాళ్ల దిగువన కలిపి ఉంచి, బంతి వచ్చేదాకా కదలకుండా, వచ్చాక చేతులు వెనక్కి లాగుతూ అందుకొనేవాడు. తాడేపల్లిగూడెంలో జరిగిన ఒక పోటీకి సంబంధించి ఏలూరు పుటలో ఆయనకు సున్నా ఉంటే, గూడెం పుటలో అవుటైన తీరు చెప్పే నిలువు వరసలో నాలుగు చోట్ల సీ అక్షరం పక్కన ఆయన పేరుంది. 2006లో కొల్లేటిలోని అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టించినప్పుడు బతుకుతెరువు వెతుక్కొంటూ ఆయన ఆ సీజనంతా ఆటకు రాలేదు. ఆ ఏటి ఎదుటి పుటల్లో స్లిప్ క్యాచ్‌లు పలచబడిపోయాయి, గెలవవలసిన పోటీలు కొన్ని చేజారాయి.

ఇదే సూత్రాన్ని పెద్ద క్రికెట్‌కు అన్వయిస్తే, నాసి బ్యాట్స్‌మన్‌గా పేరుపడ్డవారిలో చాలామంది వాదం నుంచి తప్పుకొంటారు. న్యూజిలాండ్ బౌలర్ క్రిస్ మార్టిన్ 2000 నుంచి 2013 వరకు 71 టెస్టులు ఆడి, మొత్తం 123 పరుగులు చేశాడు, సగటు 2.36, సున్నాకు అవుటైన సార్లు 36; కాని తీసిన వికెట్లు 233. రంజీ ట్రోఫీ దక్షిణ మండలంలో మైసూరు తరఫున ఆంధ్ర జట్టు మీద కూడా బంతులు వేసిన బి.ఎస్. చంద్రశేఖర్ 58 టెస్టులలో 167 పరుగులు చేసి 242 వికెట్లు తీశాడు. పోలియో వల్ల సన్నబడిన కుడిచేత్తోనే ఆయన 1971లో ఓవల్‌లో 38 పరుగులకు ఆరు వికెట్లు పడగొట్టి, ఇంగ్లండులో భారతదేశపు తొలి టెస్టు విజయానికి కారణమయ్యాడు. పరుగుల కంటె వికెట్లు ఎక్కువున్న మనిషిని నాసి ఆటగాళ్ల జాబితాలో చేర్చడం కేవలం చదవడం రాకపోవడమే.

మరి ఎదుటి పుటలో కూడా దాదాపు ఏమీ లేకుండా చాలా కాలం నిలిచినవారు ఉన్నారా అంటే, ఉన్నారు, వారిలో ప్రముఖుడు తెలుగునేల మీదే పుట్టాడు. విజయనగరం జమీందారీ కుటుంబంలో 1905లో జన్మించి, కాశీలో స్థిరపడి, క్రికెట్ లోకానికి విజ్జీగా పరిచితుడైన పూసపాటి విజయానంద గజపతి రాజు 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టుకు నాయకుడు. అంతకు నాలుగేళ్ల ముందు 1932 పర్యటనకు నాయకుడిగా వెళ్లిన పోర్‌బందర్ మహారాజు తన ఆట ఎంతటిదో తెలిసినవాడై, లార్డ్స్‌లో జరిగిన ఏకైక టెస్టుకు పక్కకు తప్పుకొని, మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంవాడు, నాగపూరులో పుట్టిన సి.కె. నాయుడుకు నాయకత్వం అప్పగించాడు. విజ్జీ అటువంటి పని చేయలేదు. భారత క్రికెట్ బోర్డులో ఓట్లు కూడగట్టుకొని, అదే నాయుడు తన కింద ఆడుతుండగా, మూడు టెస్టులకూ తానే నాయకుడిగా దిగాడు. ఆరు ఇన్నింగ్సులలో 33 పరుగులు, రెండుసార్లు నాటౌట్, సగటు 8.25; వికెట్ ఒక్కటీ లేదు. భారత్ రెండు టెస్టులలో తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడిపోయింది. ఫారంలో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు. తరవాత విచారణ జరిపిన బ్యూమాంట్ సంఘం 1937లో అమర్‌నాథ్ పక్షాన నిలిచి, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది.

టెస్టులు మూడే కదా, దీన్ని సుదీర్ఘ జీవితమని ఎలా అంటారని అడగవచ్చు. ఆయన ఆ తరవాత కూడా ఆటను వదలలేదు, ఆట ఆయనను వదలలేదు: 1954లో బోర్డు అధ్యక్షుడయ్యాడు, వ్యాఖ్యాతగా మాట్లాడాడు, 1965లో మరణించేవరకు క్రికెట్ పెద్దల వరసలోనే ఉన్నాడు, మండలాల వారీ విశ్వవిద్యాలయ జట్ల పోటీకి విజ్జీ ట్రోఫీ అనే పేరే పెట్టారు. ఆయన వల్ల ఒనగూడిన మేలునూ ఈ పుస్తకం దాచదు. 1930–31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు మేటి ఆటగాళ్లను తన జట్టులో ఆడించి, ఇక్కడి కుర్రవాళ్లకు వారి ఆట దగ్గరగా చూపించినవాడు ఆయనే. డబ్బిచ్చి ఆటను పోషించినవాడిగా ఆయనకు గౌరవం దక్కవలసిందే. కాని ఆయన పట్టుకొని కూర్చొన్న నాయకత్వం నాయుడికి దక్కవలసినది, ఆ నష్టాన్ని ఏ పోషణా పూడ్చదు. బెర్గెన్ ఏ సీజనులో విసరలేకపోయినా జట్టు అతనిని వదులుకొనేది. విజ్జీని వదులుకొనే అధికారం జట్టుకు లేకపోయింది. వాదంలో మొదటి స్థానం ఎవరిదని అడిగితే ఈ పుస్తకం సందేహించకుండా ఆయన పేరే చెబుతుంది.

జట్టుకు జట్టే నాసి అని ఎగతాళికి గురైన సందర్భమూ ఉంది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర క్రికెట్ సంఘం ఏర్పడి, ఆ సీజనులోనే యాభై ఎనిమిదేళ్లు నిండిన సి.కె. నాయుడు నాయకత్వంలో ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. 2024–25 సీజను వరకు ఒక్కసారీ ట్రోఫీ గెలవలేదు. హైదరాబాదు, కర్ణాటక, తమిళనాడు వంటి బలమైన జట్లున్న మండలంలో ఏటా ఓటములతోనే సీజను ముగించడం దానికి దశాబ్దాల పాటు అలవాటైపోయింది. 1993–94లో సికింద్రాబాదులో హైదరాబాదు ఆ జట్టు మీద ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది, అంటే తన ఇన్నింగ్సును తానే ముగించింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ నాటౌట్‌గా 207 చేసిన ఆ ఇన్నింగ్సు రంజీ చరిత్రలోనే అతి పెద్దది. ఆ పుట కింది భాగంలో ఉన్నవి ఆంధ్ర బౌలర్ల పేర్లు. స్కోరరు పెన్సిలు చెక్కుకొంటూ వారి గడుల్లో అంకెలు ఇరికించవలసి వచ్చిన తీరు సాటి పుస్తకంగా దీనికి ఊహకందుతుంది. అయినా ఆ జట్టు మరుసటి ఏడూ ఆడింది, ఆ తరవాతా ఆడింది. ఆడకుండా మానివేసి ఉంటే గుంటూరు జిల్లా నుంచి ఎం.ఎస్.కె. ప్రసాద్ 1999లో భారత టెస్టు జట్టు వికెట్ కీపరు అయ్యేవాడు కాదు, 2015లో ఒంగోలులో కె.ఎస్. భరత్ 308 పరుగులు చేసేవాడు కాదు. ప్రసాద్ ఆరు టెస్టులలో 106 పరుగులే చేశాడని 2016లో ఆయన ప్రధాన సెలెక్టరు అయినప్పుడు ఎత్తిపొడిచినవారు కూడా ఒకే పుట చూసినవారే. ఎంపికలో తప్పొప్పులను ఎంపికైన ఆటగాళ్ల పుటల్లో వెతకాలి.

ఇప్పుడు క్లబ్బువారు స్కోరును ఫోనులో నమోదు చేస్తున్నారు, సగటు అడిగిన క్షణంలో వస్తుంది, దానితో నాసి ఆటగాళ్ల వరసా క్షణంలో తయారవుతుంది. పాత లెక్కలను కూడా ఫోనులోకి ఎక్కించడానికి కుర్రవాళ్లు ఈ పుస్తకాన్ని బీరువాలోంచి దింపి, బాబాయి పేరును ఆ వరసలో అట్టడుగున పెట్టబోయినప్పుడు, పాత స్కోరరు ఒకరు వారిని ఆపి, ఎదుటి జట్ల పుటలు తిప్పి సీ అక్షరాలు లెక్కపెట్టమన్నారు. కొల్లేటి గాలిలోని చెమ్మకు సిరా పాకి కొన్ని పుటలు చదవ వీలుకాలేదు. చదవడానికి వీలైన పుటల వరకు చూస్తే, ఆయన పట్టిన క్యాచ్‌లు ఆయన చేసిన పరుగుల కంటె ఎక్కువ.