గాజుగుండె గొట్టం: టీకా తాత్పర్యం

గొట్టమందు గాలి కొట్టి తీగను రువ్వ
చెట్టు దాటు గాని చేటు గలదు
నీటి యొత్తిడోర్చి నిలుచు పీవీసియె
గాలి కొచ్చుసరికి గాజుగుండె.

టీక: గొట్టమందు = రెండంగుళాల పీవీసీ నీళ్ల పైపులో; గాలి కొట్టి = సైకిల్ పంపుతో గాలి నింపి; తీగను = యాంటెనా తీగను (నిజానికి ముందు చెట్టు దాటేది టెన్నిస్ బంతికి కట్టిన గాలపు నైలాన్ దారం. దానికి పురికొస, పురికొసకు తాడు, తాడుకు తీగ ముడివేసి లాగుతారు. ఛందస్సులో ఇంతమందికి చోటు చాలక కవి తీగతో సరిపెట్టాడు); రువ్వ = విసరగా; చేటు గలదు = ప్రమాదం ఉంది. ఎవరికి? బంతికి ఎదురుగా ఉన్నవాడికని పైపైన చదివినవారు అంటారు. పక్కకు తప్పుకుంటే వాడు బతికిపోతాడు. అసలు చేటు గొట్టాన్ని చంకలో పెట్టుకుని పంపు కొట్టేవాడికే, అదీ బంతి కదలకముందే.

తాత్పర్యం: 7 మెగాహెర్ట్జ్ డైపోల్ యాంటెనా సుమారు 20 మీటర్ల పొడవు, అది ఎంత ఎత్తున ఉంటే మాట అంత దూరం పోతుంది. అందుకే అమెరికా హ్యామ్‌లకు (సరదాకు రేడియో నడిపేవారికి) పెరటి చెట్టే టవరు. పచ్చికకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ వాల్వు ఒకటి, పైపు ముక్కలు రెండు అతికిస్తే బంతి ఫిరంగి తయారు. "పైపు మీద 280 పీఎస్ఐ అని అచ్చు వేసుంది, నేను కొట్టేది 60 మాత్రమే కదా" అన్నది పూర్వపక్షం. ఆ 280 నీళ్లకు, అదీ 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెప్పిన లెక్క. 43 డిగ్రీలకు అది సగానికి పడుతుంది, 60 డిగ్రీలకు 62 దగ్గర ఆగుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో పడున్న పైపుకు ఇక మిగిలిన వెసులుబాటు రెండు పీఎస్ఐ. పైగా నీరు దాదాపు కుదించుకోదు; పైపు చిట్లితే చిమ్మి ఊరుకుంటుంది. గాలి కుదించుకుని శక్తిని దాచుకుంటుంది, బీట పడగానే అంతా ఒక్కసారే వదులుతుంది. పీవీసీ సాగి చిరిగే రకం కాదు, పదునైన ముక్కలై ఎగిరే రకం. నేలపైన వేసే పీవీసీ పైపుల్లో గాలి నింపడం గురించి అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే హెచ్చరించింది. "ఏళ్లుగా కొడుతున్నాం, ఏమీ కాలేదు, నీళ్లతో రెట్టింపు ఒత్తిడికి పరీక్షించాం కూడా" అన్నది రెండో పూర్వపక్షం, కొంచెం గట్టిది. పరీక్ష జరిగింది ఆనాటి పైపుకు. ఆ తర్వాత అది ఎండకు పెళుసెక్కింది, నేల మీద పడి కంటికి కనపడని గాటు పడింది. పాత పరీక్ష కొత్త గాటుకు పూచీ పడదు.

విశేషం: గాలికే తయారైన లోహపు ట్యాంకు, దానికో సేఫ్టీ వాల్వు పెడితే ఫిరంగి సరదా నిలుస్తుంది. అంత ఎత్తు అక్కర్లేకపోతే ఉండేలు చాలు, కాకపోతే దాన్ని ఎవరికీ గొప్పగా చూపించలేం. ఏది వాడినా చెట్టుకు అవతల కరెంటు తీగలు ఉన్నాయేమో ముందు చూడాలి. ఈ సంగతి పద్యంలో లేదు. ఆటవెలదికి ఐదో పాదం లేదు మరి.