టాపు లేని వైరాగ్యం

బ్రిటన్ మధ్యతరగతి వాహనదారుల్లో పరిశీలనకు యోగ్యమైన వర్గం ఒకటి ఉంది. ఈ వర్గానికి చెందిన వ్యక్తి వయసు యాభైకి అటూ ఇటూగా ఉంటుంది, ఉద్యోగం బడిలో పాఠాలు చెప్పడమో ఏదైనా సంస్థలో పద్దులు చూడడమో అయి ఉంటుంది, జీవితంలో అతడు తీసుకున్న నిర్ణయాలన్నీ ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించి ఆమోదించినవే అయి ఉంటాయి. ఒక్క కారు విషయంలో మాత్రం అతడు ఎవరినీ అడగడు. రెండు తలుపులు, రెండు సీట్లు, విప్పి వెనక్కి మడిచే గుడ్డ టాపు ఉండి, నడుము వంచితే గాని ఎక్కడానికీ ఎవరైనా చెయ్యి అందిస్తే గాని దిగడానికీ వీలుకాని ఒక చిన్న స్పోర్ట్స్ కారును కొని, దాన్ని ఆదివారపు షికార్ల కోసం దాచిపెట్టకుండా, రోజూ ఉద్యోగానికి, అంగడికి, పళ్ల డాక్టరు దగ్గరికి వేసుకుపోతాడు. టాపు తీయడానికి వీలున్న కార్లన్నిటినీ కన్వర్టిబుల్ అని, వాటిలో రెండే సీట్లతో తేలిగ్గా, కురచగా ఉండే రకాన్ని రోడ్‌స్టర్ అని వ్యవహరిస్తారు కనుక ఇతణ్ణి రోడ్‌స్టర్ గృహస్థు అనడం ఉచితం.

ఈ గృహస్థుకు వంశచరిత్ర అంటే ప్రాణం. మాటవరసకైనా ఎవరైనా కారు బాగుందన్నారంటే, ఆక్స్‌ఫర్డ్‌లోని మోరిస్ గరాజెస్ అనే సంస్థ పేరే క్లుప్తంగా ఎం.జి. అయిందని మొదలుపెట్టి, యుద్ధం ముగిసిన 1945లో వచ్చిన ఎం.జి. టి.సి. అనే కారు అమెరికావారికి చిన్న స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఎలా అంటించిందో వివరించి, 1958 నాటి ఆస్టిన్-హీలీ స్ప్రైట్ దగ్గరికి వచ్చి కాసేపు ఆగుతాడు. చవకగా అమ్మాలన్న పట్టుదలతో తయారైన ఆ కారుకు డిక్కీ మూత లేదు, తలుపులకు బయటివైపు పిడులు లేవు. సామాను పెట్టదలచినవారు సీట్లను ముందుకు వంచి వాటి వెనుక సందులోంచి చీకట్లోకి తోయాలి, కారెక్కదలచినవారు లోపలికి చెయ్యి పెట్టి గొళ్లెం వెతుక్కోవాలి. ఈ లోపాలను అతడు ఒక్కొక్కటిగా, గొప్ప సంతోషంతో లెక్కపెడతాడు. 1962లో మొదలైన ఎం.జి.బి. మూసిన టాపు రకంతో కలిపి అయిదు లక్షలు దాటిందని, 1980లో ఆ ఉత్పత్తీ ఆగిపోయి ఎబింగ్డన్ కర్మాగారం కూడా మూతపడిందని చెప్పేసరికి అతడి గొంతు బొంగురుపోతుంది, వింటున్నవారి టీ చల్లారిపోతుంది.

ఇంతా చేసి అతడి ఇంటి ముందు నిలిచి ఉన్నది జపాను కారు. పాతకాలపు ఇంగ్లీషు రోడ్‌స్టర్ వంటిది మళ్లీ ఒకటి రావాలని బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు పాత్రికేయుడు 1979లో మజ్దా సంస్థకు చెందిన కెనిచీ యమమోతోకు సూచించగా, ఆ మాట పదేళ్లు నలిగి 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో ఎం.ఎక్స్-5గా రూపుదాల్చింది, అమెరికాలో దాన్ని మియాటా అన్నారు. తొషిహికో హిరాయ్ నాయకత్వంలో పనిచేసిన ఇంజనీర్లు గుర్రమూ రౌతూ ఒకే ప్రాణిగా కదలాలన్న సూత్రాన్ని ఆదర్శంగా పెట్టుకుని, 1.6 లీటర్ల ఇంజనును ముందు అమర్చి, దాని బలాన్ని వెనుక చక్రాలకు పంపి, బరువును టన్నుకు లోపే ఉంచి, ఆ బరువు ముందు వెనుకల దాదాపు సమానంగా పడేటట్లు చూశారు. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైనదిగా అది 2000లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది, 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు బయటికి వచ్చింది. ఇంగ్లీషు కార్ల రూపురేఖలను శ్రద్ధగా గ్రహించిన జపాను ఇంజనీర్లు ఒక్క సంప్రదాయాన్ని మాత్రం వదిలేశారు: ఈ కారు నిలిపిన చోట నూనె కార్చదు, పొద్దున తాళం తిప్పితే మారాం చేయకుండా స్టార్టవుతుంది. రోడ్‌స్టర్ గృహస్థు నలుగురిలో దీన్ని వ్యక్తిత్వ లోపంగానే విమర్శిస్తాడు గాని, గంట కొట్టేలోగా బడికి చేరవలసిన ప్రతి ఉదయం మనసులో మజ్దా పుట్టిన హిరోషిమా వైపు తిరిగి దండం పెట్టుకుంటాడు.

కొలిచి చూస్తే ఈ కారు వేగం చెప్పుకోదగ్గది కాదు. నిలిచిన చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి తొలితరం ఎం.ఎక్స్-5కు దాదాపు తొమ్మిది సెకన్లు పట్టేది. నేటి కుటుంబ విద్యుత్ కార్లలో చాలావాటికి అంత వ్యవధి అవసరం లేదు. అయితే సీటు నేలకు బాగా దగ్గరగా ఉండడం వల్ల రోడ్డు కంటి పక్క నుంచే దూసుకుపోతున్నట్లు తోస్తుంది, టాపు లేకపోవడం వల్ల గాలి హోరు, ఇంజను మోత, పక్క పొలంలోని పేడ వాసన ఏ వడపోతా లేకుండా చేరతాయి, కురచ గేరు రాడ్డు మణికట్టు విసురుకే పడుతుంది. ఈ సాక్షులందరూ కూడబలుక్కుని గంటకు 70 కిలోమీటర్లను 140గా మెదడుకు నివేదిస్తారు. బక్స్‌టన్ నుంచి మాకిల్స్‌ఫీల్డ్‌కు కొండల మీదుగా పోయే క్యాట్ అండ్ ఫిడిల్ రోడ్డులో వేగ పరిమితి గంటకు 50 మైళ్లు, అంటే సుమారు 80 కిలోమీటర్లు. దారి పొడవునా సగటు వేగాన్ని లెక్కగట్టే కెమెరాలు ఉన్నాయి. బలమైన కారున్నవాడు ఆ మలుపుల్లో పళ్లు కొరుక్కుంటూ పోతుంటే, రోడ్‌స్టర్ గృహస్థు చట్టాన్ని తుచ తప్పకుండా పాటిస్తూనే ప్రాణాలకు తెగించిన తృప్తిని పొందుతాడు. వెనుక పాల వ్యాను డ్రైవరు దారి కోసం హారన్ కొట్టడం ఆ తృప్తిలో అతడికి వినిపించదు.

మామూలు కారులో టాపు కూడా శరీరానికి బిగువునిచ్చే భాగమే కనుక, అది లేని కారు గతుకుల మీద కొద్దిగా మెలితిరిగి విండ్‌షీల్డ్ అడుగు భాగమూ డాష్‌బోర్డూ వణుకుతాయి. స్కటిల్ షేక్ అని పిలిచే ఈ వణుకును తగ్గించడానికి తయారీదారులు అడుగున అదనపు ఉక్కు వేస్తారు. యజమాని మాత్రం దాన్ని కారు తనతో ఆడే మాటగా స్వీకరిస్తాడు. గాలి తీరు మరీ విచిత్రం. విండ్‌షీల్డ్ మీదుగా దాటిపోయిన గాలి, దాని వెనుక ఏర్పడిన అల్పపీడనం వల్ల సుడి తిరిగి, సీట్ల మధ్యగా వెనుక నుంచి లోపలికి వస్తుంది. అందుచేత సినిమాల్లో హాయిగా వెనక్కి ఎగిరే జుట్టు నిజ జీవితంలో ముందుకు వచ్చి నోట్లో పడుతుంది. ఈ వయసు పురుషుల్లో చాలామందికి ఆ చిక్కు లేదు గాని, జూన్ ఎండకు నడినెత్తి ఎర్రబారుతుంది కనుక టోపీ తప్పదు, టోపీ ఎగిరిపోతుంది కనుక ఒక చేత్తో దాన్ని అదిమిపట్టకా తప్పదు.

అతడి అసలు స్వభావం వానలో బయటపడుతుంది. కారు తగినంత వేగంతో పోతున్నంతసేపు విండ్‌షీల్డ్ మీది గాలి సన్నని జల్లును తలల పైనుంచి తరిమేస్తుంది. ఈ సత్యం ఒకసారి అనుభవానికి వచ్చాక చినుకులకు జడిసి టాపు వేయడాన్ని అతడు ఓటమిగా లెక్కిస్తాడు. ఈ సిద్ధాంతానికి ట్రాఫిక్ సిగ్నలు బద్ధశత్రువు. ఎర్రదీపం దగ్గర కారు ఆగిన క్షణాన జల్లంతా నేరుగా ఒళ్లో పడుతుంది, పక్క వరుసలోని డబుల్ డెక్కర్ బస్సు పై అంతస్తు కిటికీల్లోంచి ముఖాలు కిందికి వంగుతాయి. గృహస్థు ఎడమ చెయ్యి భుజం మీదుగా వెనక్కి చాచి టాపు మడతను పట్టుకుని లాగుతాడు. అది సగం లేచి నెత్తికి తగిలి ఆగుతుంది. తల పక్కకు వంచి మళ్లీ లాగగా విండ్‌షీల్డ్ అంచుకు చేరుతుంది. అక్కడ రెండు మూలలా ఉన్న కొక్కేల్లో కుడివైపుది పడి, ఎడమవైపుది ఇంకా పడకముందే పచ్చదీపం వెలుగుతుంది. తొలితరం కారైతే వెనుక కిటికీ ఒక ప్లాస్టిక్ తెర, దాని జిప్పు పెట్టే పని ఇంకా మిగిలే ఉంటుంది. వెనుక హారన్లు మోగుతుండగా అతడు ఎడమచేత్తో టాపును, కుడిచేత్తో స్టీరింగును పట్టుకుని కదిలి, గేరు మార్చడానికి మూడో చెయ్యి లేదన్న సంగతిని నాలుగు రోడ్ల నడిమధ్యలో గ్రహిస్తాడు. మీట నొక్కగానే తనంతట తాను మడతపడే టాపులు ఎప్పటినుంచో దొరుకుతున్నాయని ఎవరైనా గుర్తుచేస్తే, అతడు ధర్మభ్రష్టుణ్ణి చూసినట్లు చూస్తాడు.

సరుకులు సర్దడంలో అతడు సాధించిన ప్రావీణ్యం వేరుగా చెప్పదగినది. నాలుగో తరం ఎం.ఎక్స్-5 డిక్కీలో పట్టేది సుమారు 130 లీటర్లే కనుక గట్టి అట్టపెట్టెలకు అందులో ప్రవేశం లేదు. మెత్తని సంచులు ముందు అడుగుకు చేరతాయి, పాలసీసాలు వాటి మధ్య పడుకుంటాయి, రొట్టె చివరికి మూత కింద కొద్దిగా నలుగుతుంది. ఎటు తిప్పినా పట్టని టాయిలెట్ కాగితపు చుట్టల కట్ట పక్క సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది, భార్య వెంట వచ్చి ఉంటే ఆమె ఒళ్లోకి మారుతుంది. సామాన్యులు ఈ ఇరుకును చూసి జాలిపడతారు గాని, ఈ కారు ఆకర్షణలో అసలు కిటుకు అక్కడే ఉంది. బావమరిది ఇల్లు మారుతూ ఫ్రిజ్ చేరవేయమని ఇతణ్ణి అడగడు. పక్కింటి పిల్లలను ఈతకు దింపిరమ్మని ఎవరూ కోరరు. విందు ముగిశాక తాగినవారిని ఇళ్లకు చేర్చే బాధ్యత ఇతడి మీద పడదు. కాదనే కష్టం లేకుండా, సిగ్గుపడుతున్నట్లు నవ్వి రెండే సీట్లున్నాయంటే సరిపోతుంది. ముప్ఫై ఏళ్లు అందరికీ ఔనన్న మనిషి తరఫున ఇప్పుడు కాదనే పని ఒక యంత్రం చేసిపెడుతుంది. అతడు ఖర్చుపెట్టిన డబ్బులో ఇంజను వంతు ఎంతైనా, వెనుక సీటు లేనందుకు ఇచ్చిన వంతే ఎక్కువ.

ఇటువంటివారి మధ్య సహజంగానే ఒక సంఘమర్యాద ఏర్పడింది. ఎదురుగా తన రకం కారే వస్తే స్టీరింగు మీది చెయ్యెత్తి పలకరించాలి. టాపు తీసి ఉన్నవారికి నిండు చెయ్యి, వేసుకున్నవారికి చూపుడు వేలు, పాత ఎం.జి.లో వెళ్లే వృద్ధులకు తల వంచి నమస్కారం. ఎం.ఎక్స్-5ను హెయిర్ సెలూన్ నడిపేవారి కారంటూ బ్రిటన్‌లో ఒక పాత ఎగతాళి ఉంది. దానికి గృహస్థు వద్ద బరువు పంపిణీతో మొదలై సస్పెన్షన్ నిర్మాణంతో ముగిసే ఒక సమాధానం ఉంది, దాన్ని చివరిదాకా విన్నవారు మాత్రం లేరు. శరదృతువులో ఆకులు రాలే కాలం అతడికి వ్రతకాలం. మడత టాపు దగ్గర చేరే నీరు బయటికి పోవడానికి సీట్ల వెనుక రెండు పక్కలా సన్నని గొట్టాలు ఉంటాయి. ఆకుల చెత్త వాటిని పూడిస్తే నీరు లోపలికి మళ్లి, కార్పెట్ తడిసి, క్రమంగా తలుపుల కింది ఉక్కు పట్టీలకు తుప్పు పడుతుంది. అందుకని అతడు ఆదివారం పొద్దున మోకాళ్ల మీద కూర్చుని, మెత్తని ప్లాస్టిక్ తీగను గొట్టంలోకి దించి, చెంబుతో నీళ్లు పోసి, వెనుక చక్రం ముందు నేల మీద అవి బొట్లుబొట్లుగా పడేదాకా చెంప నేలకు ఆనించి చూస్తాడు. ఇంటి చూరు గొట్టాల్లో మొలిచిన మొక్కల సంగతి ఆ సమయంలో ఎవరూ ఎత్తకూడదు.

తెలుగునాట ఈ వర్గం ఏర్పడకపోవడానికి కారణాలు వెతకనక్కరలేదు. మజ్దా అన్న పేరు ఇక్కడివారికి అలవాటైంది స్వరాజ్ మజ్దా వ్యాన్ల ద్వారా. ఆ వ్యానులో ఎందరు పడతారన్న ప్రశ్నకు ఇద్దరన్న జవాబు ఎన్నడూ రాలేదు. మే నెల మధ్యాహ్నం విజయవాడలో టాపు తీసుకుని బయలుదేరినవాడు ఆసుపత్రికి దారి తెలుసుకుని ఉండడం మంచిది. అయినా టాపు లేని బండ్లు ఇక్కడా ఉన్నాయి: ఎన్నికల్లో అభ్యర్థిని తిప్పే జీపు ఒకటి, పెళ్లికొడుకును ఊరేగించే పూలబండి ఒకటి. ఆ రెండింటిలోనూ టాపు తీసేది లోపలివారిని వీధి చూడడానికి. ఇంగ్లీషు గృహస్థు మాత్రం ఆకాశాన్ని తాను చూడడానికే టాపు తీస్తానని, వీధి తనను చూడాలన్న కోరిక తనకు లేశమైనా లేదని వాదిస్తాడు. అద్దాల దుకాణాల వరుస వచ్చినప్పుడు వేగం ఎందుకు తగ్గిస్తాడో చెప్పడు.

అతడు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. రోడ్‌స్టర్ పక్కనే, అయిదు తలుపులు, అయిదు సీట్లు గల బూడిదరంగు హ్యాచ్‌బ్యాక్ కారు భార్య పేరున ఉంటుంది. కుక్క దాని డాక్టరు దగ్గరికి, అత్తగారు విమానాశ్రయానికి, బావమరిది ఫ్రిజ్ కొత్త ఇంటికి చేరేది అందులోనే. సన్యాసి అపరిగ్రహ వ్రతం ఊళ్లోని వంటిళ్ల మీద ఆధారపడి సాగినట్లే, రెండు సీట్ల వైరాగ్యం ఆ అయిదు సీట్ల మీద ఆధారపడి సాగుతుంది. రోడ్‌స్టర్లను ఇష్టపడేవారిలో స్త్రీలు తక్కువేమీ కాదు. వారు కారు నడుపుతారే గాని కారు మీద ఉపన్యసించరు కనుక పరిశీలకుల కంట పడరు. హ్యాచ్‌బ్యాక్ సర్వీసుకు వెళ్లిన ఏదో ఒక రోజున, వేరే దారి లేక, భార్య రోడ్‌స్టర్ తీసుకుపోతుంది. అరగంట పనికి మూడు గంటలు పడుతుంది. ట్రాఫిక్ బాగా ఉందని ఆమె చెబుతుంది గాని, ముక్కు ఎండకు ఎర్రబడి ఉంటుంది. మరుసటి శనివారం రోడ్‌స్టర్ తాళంచెవి గోడ మేకుకు కనిపించదు. అత్తగారిని విమానాశ్రయం నుంచి తీసుకువచ్చే బాధ్యత, సీట్లు లేవనడానికి ఏ ఆస్కారమూ లేకుండా, రోడ్‌స్టర్ గృహస్థుకు సంక్రమిస్తుంది.