వరుసలో నా చోటు

నేను పుట్టింది కోయంబత్తూరు పీలమేడులో, పంపుల విడిభాగాలు చేసే ఒక లేతు పట్టడలో. జి.డి.నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి 1937లో దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన ఊరిది. నా పెట్టె పోతపోసిన అల్యూమినియం. ఫుట్‌స్విచ్ కోసం 12 మిల్లీమీటర్ల బొక్క వేస్తూ, “ఇది ఏ పంపుకు సామీ?” అని పెద్దాయన అడిగాడు. “గిటారుకు నైనా,” అన్నాడు కొడుకు. తరాలుగా ఆ ఇంట్లో మాట తెలుగు, చదువూ రాతా తమిళం.

నేను గిటారు సంకేతాన్ని పెంచే బూస్టర్ పెడల్‌ని. నాలో ఉన్నది ఒక ట్రాన్సిస్టరు, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ మీట, 9 వోల్టుల బ్యాటరీ. 1968లో న్యూయార్క్‌లో ఎలక్ట్రో-హార్మోనిక్స్ తెచ్చిన ఎల్‌పీబీ-1 బూస్టర్ నా మూలపురుషుడు. దానికన్నా ముందే లండన్‌లో రేంజ్‌మాస్టర్ అనే బూస్టర్ ఉండేది. రోరీ గాలహర్, టోనీ అయోమీల గిటార్లకు పదును ఇచ్చింది అదే.

మా అబ్బాయికి కావలసింది రాక్ లీడ్ ఒక్కటే కాదు. అవ్వ పాడే త్యాగరాజ కీర్తనను గిటారు మీద పలికించాలి. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోకముందే తీగ లాగి నాలుగు స్వరాలు తిప్పాలి. మామూలు గిటారులో రెండో స్వరానికే నాదం సన్నగిల్లిపోతుంది. పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ మాండొలిన్‌లో జంట తీగలు వదిలి, విద్యుత్ వాద్యానికి అయిదు ఒంటి తీగలు కట్టుకున్నాడు. గమకం ఎంత నాదం అడుగుతుందో ఆ వాద్యం వింటే తెలుస్తుంది.

ఆ నాదం నేనివ్వగలను, నన్ను సరైన చోట పెడితే. స్వరాన్ని గరుకు చేసే డ్రైవ్ పెడల్‌కు ముందు పెట్టారనుకోండి, నేను పెంచి పంపిన సంకేతం దానిలో నెత్తి తెగి చదునవుతుంది. మీటిన క్షణానికీ, తీగ చల్లారుతున్న క్షణానికీ బయటికి వచ్చే మోత దాదాపు ఒకటే అవుతుంది. నాదం సాగేది అందువల్లే. చిక్కదనం వస్తుంది, మోత మాత్రం పెద్దగా పెరగదు. అదే డ్రైవ్ తర్వాత పెడితే రంగు మారదు, మోత పెరుగుతుంది.

మొదట్లో అబ్బాయి మీటను చివరిదాకా తిప్పేవాడు. లీడ్ కాస్తా బురదయ్యేది, బేసు గిటారు కింద అణగిపోయేది. ఇన్‌పుట్ కెపాసిటర్ విలువ తగ్గించాక నాలోని మంద్రం పలచబడి, మధ్యమ శ్రుతులు పైకి వచ్చాయి. ట్యూబ్ స్క్రీమర్ అనే డ్రైవ్ పెడల్ 720 హెర్ట్జ్ చుట్టుపక్కల చేసే పనీ ఇంచుమించు ఇదే. మృదంగం, బేసు, తాళాల మధ్య శ్రోత చెవికి లీడ్ అందేది ఆ పొరలోనే. గెయిన్ తగ్గించి మధ్యమ శ్రుతులు పెంచినవాడి గొంతే సభలో చివరి వరుసకు చేరుతుందని నా గట్టి నమ్మకం.

ఒక్క సంగతి చెప్పాలి. స్వరాన్ని పెంచినట్టే గురగురనూ పెంచుతాను. పట్టడలో మోటార్లు తిరుగుతుంటే సింగిల్ కాయిల్ పికప్ 50 హెర్ట్జ్ హమ్మును పట్టేసుకుంటుంది, నేను దాన్ని పెద్దది చేస్తాను. అందుకే ఇప్పుడు మా గిటారుకు ఆ హమ్మును అణచే హంబకర్ పికప్ వచ్చింది.

పట్టడ బల్ల మీద ఇంకో పెట్టెకు బొక్కలు పడుతున్నాయి, నా తమ్ముడికి. వాడి చోటు డ్రైవ్ తర్వాత. సోలో వచ్చినప్పుడు ఓ 4 డెసిబెల్స్ మోత పెంచడం వాడి పని, నాదం సాగదీయడం నాది.