తాళంకప్ప చట్టం

మర్పల్లిలో కిరాయి రాకపోతే ఏం చేయాలో చాయ్ హోటల్ బెంచీ మీద ఎవరినడిగినా చెప్తారు, వకీలు అక్కర్లేదు. "తాళమెయ్యి పటేలా, వాడే దారికొస్తడు." అప్పీలు లేని తీర్పు.

మడిగె అయితే షట్టర్‌కు తాళంకప్ప. ఇల్లయితే బోరు మోటారు బంద్, మీటరు దగ్గర ఫ్యూజు మాయం. కిరాయిదారు కూడా తక్కువోడు కాదు. మొదటి నెల ఫోన్‌పే "సర్వర్ డౌన్" స్క్రీన్‌షాట్, రెండో నెల చెక్కు. ఆ చెక్కు బ్యాంకుకు పోయి, ఖాతాలో పైసల్లేవన్న చీటీతో ఓనర్ చేతికే తిరిగొస్తుంది.

నిజానికి ఓనర్ చేతిలో అసలు ఆయుధం ఆ చీటీయే. చీటీ అందిన 30 రోజుల్లో నోటీసివ్వాలి. నోటీసు ముట్టాక 15 రోజుల్లో కిరాయిదారు కట్టకపోతే, ఆపై నెలలోపు చెక్కు బౌన్సుకు సంబంధించిన 138 సెక్షన్ కింద కేసు వేయొచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. ఆరు నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని కూడా చట్టంలో రాసుంది. ప్రయత్నించాలనే రాసుంది లెండి. ఇంతా చేసి గెలిచినా మడిగె ఖాళీ కాదు. దానికి వేరే దావా.

అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అంటారు. 1960 నాటి ఆ చట్టం నగరాలకు, మున్సిపాలిటీలకు. మర్పల్లి గ్రామపంచాయతీ. అదే జిల్లాలోని తాండూరు మున్సిపాలిటీయే గానీ, కార్పొరేషన్లలోనే నెల కిరాయి 3,500 దాటితే వర్తించని చట్టం అక్కడి బజారు మడిగెలకు ఏం అక్కరకొస్తుంది? కాబట్టి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే గతి. నెలసరి కిరాయికి 15 రోజుల నోటీసు, తర్వాత కోర్టు.

ఇవన్నీ ఎవరికి ఓపిక? తాళం నిమిషం పని. అయితే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ గురించి బెంచీ పెద్దమనిషి చెప్పడు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టించుకున్నవాడు ఆరు నెలల్లోపు దావా వేస్తే స్వాధీనం తిరిగొస్తుంది. జాగా ఎవరిదన్న ప్రశ్నే అక్కడ రాదు. బాకీపడ్డవాడు బాధితుడవుతాడు, పైసలు రావాల్సినవాడు ముద్దాయిలా నిలబడతాడు.

పల్లెటూరి మొరటుతనం అనుకునేరు. 2024 అక్టోబరులో, దసరా సెలవులు ముగిసిన పొద్దున, తెలంగాణలో చాలాచోట్ల సర్కారీ గురుకులాల గేట్లకు తాళాలు వేలాడాయి. నెలల తరబడి కిరాయి రాక విసిగిన భవనాల ఓనర్లు వేసినవి. పుస్తకాల సంచులతో పిల్లలు బయట. తాళం వేసినవాళ్లపై కేసులు పెడతామని మంత్రి హెచ్చరించారు. చట్టప్రకారం సరైన మాటే. మరి కిరాయి ఎగ్గొట్టిన సర్కారు మీద 138 పెడదామా? చెక్కిస్తే కదా బౌన్సయ్యేది! సర్కారు ఇచ్చేది ట్రెజరీలో బిల్లుకు టోకెన్ నంబరు.