గాజువాక బొంతను నేను

నన్ను చూసినవాళ్ళంతా ముందు నా ముఖాన్నే మెచ్చుకుంటారు. ఎర్ర జరీ అంచు ముక్క దగ్గర ఆగుతారు, నీలం నేత చీర ముక్కను తడుముతారు. తిరగేసి చూసేవాళ్ళు తక్కువ. రాత్రంతా మనిషి ఒంటికి ఆనుకుని ఉండేది మాత్రం నా వెనకవైపే. అక్కడున్నది ఫ్లానెల్. బొంతగా నాకు దక్కిన మంచిపేరంతా ఆ గుడ్డ పుణ్యమే.

నన్ను కుట్టిన అమ్మమ్మది గాజువాక దగ్గర నిర్వాసితుల కాలనీ. 1971లో ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. దానికి భూములిచ్చిన ఊళ్ళలో వాళ్ళదీ ఒకటి. ఊరు పోయింది గానీ, ఆ ఊళ్ళో కట్టిన చీరలు ట్రంకుపెట్టెలో మిగిలాయి. నా ముఖం ఆ చీరలే. నడుమనున్న తెల్ల ముక్క తాతయ్య పొందూరు పంచెది.

పొందూరు వాళ్ళు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఆ తర్వాత వడుకుతారు. ఫ్లానెల్‌కీ దువ్వుడు తప్పదు, కాకపోతే అది నేత అయ్యాక. సన్నని తీగలున్న రోలర్ల మీదుగా గుడ్డను నడిపిస్తే దారంలోని పోగులు పైకి లేచి నూగులా నిలబడతాయి. ఆ నూగులో గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి ఒంటి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. ఒకప్పుడు వేల్స్‌లో దీన్ని ఉన్నితో నేసేవారు, నాకు వేసింది నూలుది. చేప దవడ దువ్విన పత్తి, ఇనుప తీగలు దువ్విన పత్తి నా ఒంట్లో ఒకే కుట్టు కింద కలిశాయి. నాకు అదెంతో గర్వం.

విశాఖలో బొంతకు ఫ్లానెల్ అక్కర్లేదు. సముద్రపు ఉక్కకి ఇక్కడ చలికాలంలోనూ ఫ్యాను తిరుగుతుంది. పైగా వానాకాలం ఫ్లానెల్ ఒక పట్టాన ఆరదు, వాసన పట్టుకుంటుంది. ఈ తీరాన వెనక పాత పంచె వేసుకుంటే చాలు. నా సంగతి వేరు. మనవరాలికి అరకు వైపు బళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ పది డిగ్రీల కిందికి దిగిపోయే రాత్రులుంటాయి.

"అమ్మమ్మా, నేను బ్లాంకెట్ కొనుక్కుంటాలే. నీ చేతులు నొప్పెడతాయి" అంది ఆ పిల్ల.

"ఓలే గుంటా, కొన్న దుప్పటికి మన ఊరేటి తెలుసే? ఎనకాల ఫ్లానెలు ఏత్తాను, సలి నీ జోలికి రాదు" అంది అమ్మమ్మ.

పూర్ణా మార్కెట్ వైపు ఒక బట్టల కొట్టులో గుడ్డ తీసుకున్నారు. పన్నా చాలదు కాబట్టి నడుమ అతుకు పడుతుందని లెక్కేసి, పొడవు కాస్త ఎక్కువే కొన్నారు. ఇంటికి తెచ్చీ తేగానే కుట్లకు కూర్చోలేదు అమ్మమ్మ. రాత్రంతా నీళ్ళలో నానేసి, ఉతికి ఆరేసింది. నూలు ఫ్లానెల్ మొదటి ఉతుకుకి బాగా ముడుచుకుంటుంది. చీరలు ఎన్నో ఏళ్ళు ఉతికినవి, అవి ఇక ముడుచుకోవు. తడపకుండా కుట్టేస్తే తర్వాత వెనకభాగం లాక్కుపోయి, ముఖమంతా ముడతలు పడుతుంది.

ఆరిన గుడ్డను నూగువైపు కిందకు పెట్టి నేల మీద పరిచింది. ఫ్లానెల్ ఏటవాలుగా లాగితే సాగిపోతుంది. అందుకని నాలుగు మూలలా పొత్రం, బియ్యం డబ్బా, నీళ్ళ బిందె, ఇస్త్రీపెట్టె బరువు పెట్టింది. మామూలు బొంతలో నాలుగైదు పొరల చీరలుంటాయి. నాకు రెండే వేసింది, ఫ్లానెలే సగం బరువు కదా! కచ్చా కుట్లు వేశాక అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా, వేలెడు ఎడంలో కుట్టుకుంటూ వచ్చింది. కుట్టు మరీ దగ్గరైతే నూగు అణిగిపోయి గాలికి చోటుండదు. దారం గట్టిగా బిగించినా అంతే. సూది కొంచెం లావుది తీసుకుంది, సన్నదైతే అతుకు దగ్గర వంగిపోతుంది.

కిరండూల్ రైల్లో నేను కొండెక్కాను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన లైనది. సొరంగం తర్వాత సొరంగం దాటుతుంటే ఎదురుగా ఖనిజం గూడ్సులు దిగుతున్నాయి. ఇనుము కోసం ఊరొదిలిన చీరలు అదే ఇనుము వచ్చే దారిలో పైకి వెళ్తున్నాయని ఆ పెట్టెలో ఎవరికీ తెలియదు. అమ్మమ్మకు తెలుసు. స్టేషన్లో నా మూట పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

అరకులో మొదటి చలిరాత్రి ఆ పిల్ల నన్ను తిరగేసింది. జరీ అంచులు పైకి, ఫ్లానెల్ ఒంటికి. కొన్ని ఉతుకులకు వెనకవైపు చిన్న చిన్న ఉండలు కట్టాయి, మెత్తదనం మాత్రం పోలేదు.

మీరూ బొంత కుట్టించుకుంటే రెండు మాటలు గుర్తుంచుకోండి. ఫ్లానెల్‌ని తడిపి ఆరేశాకే కత్తెర పెట్టండి. చలికి కప్పుకుని నెగడు దగ్గర మాత్రం కూర్చోకండి, పిల్లల్ని అసలే కూర్చోనివ్వకండి. ఫ్లానెల్ నూగుకి నిప్పు ఇట్టే అంటుకుంటుంది.