నూట రెండున్నర దాటాక
(ఒక పాదరసపు థర్మామీటరు ఆత్మకథ)

నా ఉద్యోగం గురించి నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడే రోజులు ఎప్పుడో పోయాయి. మనుషుల ఆస్పత్రుల్లో చేరిన నా దాయాదులు నాలుక కింద హాయిగా పడుకుంటారు. నేను కుక్కల తోక కింద పనిచేశాను. చిన్నచూపు చూడకండి. ఒళ్లు కాలిపోతున్న కుక్క కూడా యజమాని మొహం చూడగానే తోక ఊపుతుంది. ‘చూడండి సార్, బాగానే ఉండాది’ అంటాడాయన. ఆ ఊపే తోక ఎత్తి నన్ను పెడితే నూట నాలుగు.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. సన్నటి గాజు గొట్టం, అడుగున పాదరసపు బుడ్డి, దాని పైన చిన్న నొక్కు. ఎక్కిన పాదరసం ఆ నొక్కు వల్లే దిగిపోకుండా నిలుస్తుంది. అందుకే బయటికి తీశాక కూడా నా మాట మారదు. 1866లో ఇంగ్లండు డాక్టరు థామస్ క్లిఫర్డ్ ఆల్బట్ మా వంశాన్ని ఆరంగుళాలకు కుదించాడు. అంతకుముందు మా తాతలు అడుగు పొడుగుండి, ఒక్క లెక్క తేల్చడానికి ఇరవై నిమిషాలు తీసుకునేవారట. అంతసేపు కదలకుండా నిలబడే కుక్కను నేనైతే చూడలేదు.

పశువుల డాక్టరు సారు నన్ను కొన్నది ప్రొద్దుటూరులో. ఆ పక్కనే గోపవరం పశువైద్య కళాశాల 2008లో వచ్చింది. నేను అంతకంటే పాతదాన్ని. ప్రొద్దుటూరు వాళ్లకు తూకం విలువ తెలుసు. బంగారం అంగట్లో మిల్లీగ్రాము తేడా వచ్చినా ఒప్పుకోరు. అదే మనుషులు కుక్క జ్వరాన్ని మాత్రం ముక్కు మీద వేలు పెట్టి తేల్చేస్తారు. ‘మూతి తడిగానే ఉండాది సార్, జరం ల్యాదు.’ కుక్క ముక్కు నిద్ర లేచాక ఎండుతుంది, ఎండలో పడుకుంటే ఎండుతుంది. జ్వరంలోనూ తడిగా ఉండొచ్చు. మరికొందరు చెవులు పట్టుకొని, కాలిపోతోందని పరుగెత్తుకొస్తారు. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మీది 98.6 కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కుక్క కూడా మీ చేతికి వేడిగానే తగులుతుంది. ఆటోలో బెదిరిపోయి వచ్చిన కుక్కకు ఇంకాస్త ఎక్కుతుంది. సారు దాన్ని కాసేపు నీడన కూర్చోబెట్టాకే నన్ను విదిలించి, కొబ్బరినూనె రాసి పెట్టేవారు. 103 దాటితే జ్వరం. 104 దాటితే ఆ రోజే డాక్టరు. 99 కిందికి జారినా అంతే తొందర.

నా లెక్కే వేదమని గర్వపడుతున్న రోజుల్లో ఒక పామరేనియన్ వచ్చింది. నేను నూట ఒకటిన్నర చూపించాను. ఇంటామె ఊపిరి పీల్చుకుంది. సారు మాత్రం దాని పెదవి ఎత్తారు. చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆరోగ్యంగా ఉంటే చిగురు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలో మళ్లీ రంగు తిరగాలి. ‘ఏమ్మా, ఏం పెడుతున్నారు?’ అన్నారు. ‘మేం తినేదే సార్. పొద్దున కారం దోశ లేకుంటే ఊరుకోదు’ అందామె మురిపెంగా. ఎర్రకారంలో నూరిన ఉల్లిగడ్డ రోజూ కొంచెం కొంచెం లోపలికి పోయి నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడుతోంది. మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారి రెండు రోజులైందని అడిగితే గానీ చెప్పలేదు. వెల్లుల్లి కూడా ఆ జాతిదే. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ప్రేమగా పెట్టింది విషమవుతుందంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. మీ నొప్పి మాత్రలూ అంతే. ఇబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను పాడుచేస్తుంది. ‘సగం మాత్రే వేసినాం సార్’ అన్న మాట విన్నప్పుడల్లా నా పాదరసం ఉడికేది.

తర్వాత జమ్మలమడుగుకు బదిలీ. ఆ ఊళ్లో మనుషులకు మిషనరీల నాటి క్యాంబెల్ ఆస్పత్రి ఉంది. నా దాయాదుల కొలువు అక్కడ. నా కొలువు పశువైద్యశాలలో, గేదెలకూ గొర్రెలకూ మధ్య. అక్కడ నాకు పట్టుకున్న పగ గోమార్ల మీద. పిడుదులంటారే, అవే. శనగ చేను కాపలా కుక్కను ఒకసారి తెచ్చారు. చెవుల లోపల, వేళ్ల సందుల్లో బూడిద రంగు గింజల్లా వేలాడుతున్నాయి. ‘గోమార్లు ఏ కుక్కకు లేవు సార్’ అన్నాడు రైతు. అవి కుట్టేటప్పుడు ఎర్లికియా అనే సూక్ష్మజీవిని నెత్తుటిలోకి వదులుతాయి. మొదట జ్వరం, తిండి తగ్గడం, మందకొడితనం. కొన్నాళ్లకు జ్వరం దానంతటదే దిగుతుంది. ‘చెప్పలేదా, సర్దుకుంటాదని’ అని ఇంటివాళ్లు మరిచిపోతారు. లోపల మాత్రం నెత్తురు గడ్డకట్టించే కణాలు పడిపోతుంటాయి. నెలలు గడిచాక ముక్కు నుంచి నెత్తురు, పొట్ట మీద ఎర్రటి మచ్చలు. దానికి మందు లేక కాదు. రక్తపరీక్ష చేసి, డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే చాలావరకు తేరుకుంటాయి. మనవాళ్లు కుక్క సంగటి ముట్టిన రోజే మాత్రలు ఆపేస్తారు. గోమార్ల మీద కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం కూడా చూశాను. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకొని, నిటారుగా లాగితే చాలు. వేళ్లతో నలపకూడదు.

వేసవిలో అక్కడి మధ్యాహ్నం నలభై డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కుక్కకు మీలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని ఫ్యాను. ఒకాయన ఆల్సేషియన్‌ను మిద్దె మీద నీడలోనే కట్టి పెళ్లికి పోయాడు. నీడ కదులుతుందని గొలుసుకు తెలియదు, కట్టినాయనకు తెలియాలి గదా. నా గీతలు 108తో అయిపోతాయి. ఆ రోజు పాదరసం చివరి గీత దాకా పోయి ఆగింది. ఆగింది కుక్క వేడి కాదు, నా గీతలే. చిగుళ్లు ఎర్రగా, చొంగ జిగటగా, కాళ్లు నిలవడం లేదు. తేగానే కుళాయి నీళ్లు పోసి, ఫ్యాను పెట్టారు సారు. ‘ఇంట్లోనే ఈ నీళ్లు పోసి తీసుకురావాల్సింది. చల్లబరుస్తూ రావాలి’ అని మాత్రం అన్నారు. సాయంత్రానికి అది పోయింది. నన్ను కడిగి డబ్బాలో పెట్టేటప్పుడు సారు చెయ్యి ఎప్పటిలా లేదు.

పులివెందుల నా చివరి కొలువు. చీనీ తోటల ఊరు, తోటకో కుక్క. పశువుల మీద పరిశోధనకని కట్టిన పెద్ద కేంద్రం కూడా అక్కడే ఉంది. అయినా నా మనసులో మిగిలింది ఒక మూడు నెలల లాబ్రడార్ పిల్ల. పిల్లాడి పుట్టినరోజుకు కొన్నారు. టీకాలు వేయించలేదు: ‘ఇంట్లోనే ఉంటాది గదా సార్, సూదులెందుకు?’ పార్వో అనే వైరస్ 1978లో లోకమంతటా బయటపడింది. నెలల తరబడి నేలలో బతికి, మీ చెప్పుల వెంట గడప దాటుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేయిస్తే ఆ తలుపు మూసినట్టే. ఆ పిల్లకు మొదటి రోజు వాంతులు, రెండో రోజు నీళ్ల విరేచనాలు, మూడో రోజు దుర్వాసనతో నెత్తురు. నా దగ్గరికి తెచ్చింది మూడో రోజు సాయంత్రం. భుజాల మీద చర్మం చిటికెతో ఎత్తి వదిలితే గుడారంలా అలాగే నిలబడింది. ఒంట్లో నీళ్లు లేవని గుర్తు. నేను తొంభై ఎనిమిది చూపించాను. యజమాని మొహం విప్పారింది. ‘జరం దిగిపోయింది గదా సార్?’

తొంభై ఎనిమిది మనిషికి ఆరోగ్యం, కుక్కకు ఆఖరి మెట్టు. ఆయనకు నేను మంచిమాట చెప్పినట్టే అనిపించింది. అంతకంటే బాధ నా సర్వీసులో లేదు.

ఒక్క కుక్కకు మాత్రం సారు నన్ను జేబులోంచే తీయలేదు. దవడ వేలాడుతోంది, చొంగ కారుతోంది, మొరుగు గొంతు మారింది. ‘గొంతులో ఎముక ఇరుక్కున్నట్టుంది సార్, చెయ్యి పెట్టి చూస్తి, ఏమీ తగల్యా’ అన్నాడు వెంట వచ్చిన కుర్రాడు. సారు కుక్కను వదిలి ఆ చేతిని చూశారు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, అప్పటికప్పుడు మనుషుల ఆస్పత్రికి టీకాకు పంపారు. రేబిస్ లక్షణాలు కనిపించాక కుక్కకైనా మనిషికైనా దాదాపు తిరుగు లేదు. 1885లో పాశ్చర్ చూపిన దారి టీకా ఒక్కటే. కుక్కకు మూడో నెలలో వేయించి, ఏటేటా గుర్తు పెట్టుకోవాల్సింది అందుకే.

ఇంత చేసిన నన్ను దించింది ఒక ప్లాస్టిక్ పుల్ల. నిమిషంలోపే కీచుమని అరిచి అంకె చూపిస్తుంది. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం పాదరసపు థర్మామీటర్ల తయారీకి, ఎగుమతి దిగుమతులకు 2020ని గడువు పెట్టింది. నా కడుపులో ఉన్నది విషమట. నిజమే, కాదనను. పగిలితే చీపురుతో ఊడ్చకూడదు, చేత్తో ముట్టకూడదు. కానీ ఇన్నేళ్లూ ఆ విషాన్ని దాచుకొని పనిచేసినదానికి సొరుగులో చోటిచ్చారు: మూత లేని పెన్నులు, చిరిగిన టీకా కార్డులు, తుప్పు పట్టిన సూదులు నా పొరుగు. సారు రిటైరయ్యారు, వీడ్కోలు రోజు సొరుగు తెరవలేదు. ఒకసారి అటెండరు మనవడికి జరమొచ్చిందని నన్ను జేబులో వేసుకోబోయాడు. నా పూర్వాశ్రమం ఎవరో చెవిలో చెప్పేసరికి, మళ్లీ సొరుగులోకి విసిరి, చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు. గాజుకు కూడా అవమానం తెలుస్తుంది.

కొత్తదాని మీద అసూయ లేదంటే అబద్ధం. అయినా చెబుతున్నాను, అలాంటిదొకటి కొని దాని మీద ‘కుక్కది’ అని రాసి పెట్టుకోండి. కుక్క బాగున్న రోజునే ఒకసారి చూసి లెక్క రాసుకోండి. అది ఎంత తింటుంది, ఎన్ని నీళ్లు తాగుతుంది, ఎక్కడ పడుకుంటుంది, గేటు చప్పుడుకు ఎంత తొందరగా లేస్తుంది, ఇవి మీకు తెలిస్తే జబ్బు మొదటి రోజే దొరుకుతుంది. గడ్డి మేసి ఒకసారి కక్కితే కంగారు లేదు. మళ్లీ మళ్లీ కక్కినా, వాంతి రాకుండా ఓకరిస్తూ పొట్ట ఉబ్బినా, మూత్రానికి ముక్కుతూ చుక్క పడకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఎదకొచ్చిన కొన్ని వారాలకు ఆడకుక్క అదేపనిగా నీళ్లు తాగుతూ కింద చీము కారుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

వైద్యశాల మెట్లెక్కిన ప్రతివాళ్లనూ సారు మొదట అడిగింది ఒకటే: ‘ఎన్ని దినాలాయె?’ దానికి ‘ఈ పొద్దే సార్’ అనే జవాబు నేను విన్నది తక్కువ. ఆ జవాబు చెప్పగలిగితే ఇక నా అవసరం లేకపోయినా ఫరవాలేదు.