సంచి దొరకని యంత్రం

వ్యాక్యూమ్ క్లీనర్ కొనడం అరగంట పని. అందులో పెట్టే సంచి కొనడం ఎన్నాళ్ల పనో ఇంకా తేలలేదు.

"మోడల్ నంబరు చెప్పండి సార్," అంటాడు కౌంటర్ కుర్రాడు. చెప్తాను. కంప్యూటర్ వంక చూస్తాడు, పై అరల వంక చూస్తాడు, చివరికి నా వంక జాలిగా చూస్తాడు. "అది ఆగిపోయింది సార్. ఎక్స్ఛేంజ్‌లో కొత్తది తీసుకోండి, మంచి ఆఫరుంది." నాకు కావాల్సింది దుమ్ము పట్టే గుడ్డసంచి బాబూ! మూతికి ఓ అట్టముక్క, అట్టకో చిల్లు, చిల్లు చుట్టూ రబ్బరు రింగు. అంతే. అది లేదని శుభ్రంగా తిరుగుతున్న మోటారునీ, గొట్టాన్నీ, చక్రాలనీ పాత సామాను కింద జమకట్టి, మళ్లీ వేలు పోసి కొత్తది కొనమంటాడు.

ఇదేదో మారుమూల ఊళ్లో జరిగితే సరిపెట్టుకుందును. బెజవాడ గవర్నర్‌పేటలో జరుగుతోంది. ఇటు ఏలూరు రోడ్డు, అటు బందరు రోడ్డు, మధ్యలో బీసెంట్ రోడ్డు. పిన్నీసు దగ్గర్నుంచి పెళ్లి పట్టుచీర దాకా ఇక్కడ దొరకనిది లేదని పక్క జిల్లాల చుట్టాల దగ్గర గొప్పలు చెప్పుకుని బతికినవాణ్ణి. లెనిన్ సెంటర్‌లో కాసేపు ఓపిగ్గా వెతికితే నలభై ఏళ్ల కిందటి ఇంటర్మీడియెట్ పుస్తకం దొరుకుతుంది. నాలుగేళ్ల కిందటి యంత్రానికి సంచి మాత్రం దొరకదు.

ఆన్‌లైన్‌లో "అన్ని మోడళ్లకూ సరిపోవును" అన్నది ఒకటి వచ్చింది. అట్టకున్న చిల్లు ఒక్క నూలు పెద్దది. ఒక్క నూలంటే ఎంత? వడ్రంగి కూడా పట్టించుకోడు. దుమ్ము పట్టించుకుంది. యంత్రం మూతితో పీల్చిందంతా ఆ సందులోంచి జారి, వెనకనుంచి బయటికొచ్చింది. ముప్పావుగంట చెవులు చిల్లులుపడేలా మోత మోగించి, హాల్లో ఉన్న దుమ్మును బెడ్‌రూములోకి మార్చాం.

కొత్తది కొనుక్కోమని సలహా ఇచ్చేవాళ్లకి కొనడం ఎంత తంటాయో తెలియదు. ఏ షాపులోనైనా మొదటి మాట వాట్లే. "పదహారు వందల వాట్లు సార్, గట్టిగా లాగుతుంది." వాట్లంటే అది తినే కరెంటు. లాగే దమ్ము వేరే లెక్క, దాన్ని కిలోపాస్కల్స్‌లో చెప్తారు. బాగా తిన్నంత మాత్రాన బాగా పనిచేస్తుందని రూలేమీ లేదని మా ఆవిడ అంది. అంటూ నావైపు ఎందుకు చూసిందో అడగలేదు. ఈ వాట్ల పోటీ శ్రుతిమించి యూరప్‌లో చట్టమే చేశారు. 2014 సెప్టెంబరు నుంచి 1600 వాట్లు దాటకూడదన్నారు, 2017 సెప్టెంబరు నుంచి 900 దాటకూడదన్నారు. అక్కడి ఇళ్లేమీ దుమ్ముకొట్టుకుపోలేదు.

చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. గొట్టం అతుకుల దగ్గర గాలి పోతోందా? నేలకు ఆనే మూతి మన గచ్చుకు పనికొస్తుందా? వైరు ఈ గది ప్లగ్గునుంచి ఆ మూలదాకా అందుతుందా? (మా ఇంట్లో ప్లగ్గులన్నీ బీరువాల వెనకే ఉంటాయి. బీరువాలు పెట్టాక ఇల్లు కట్టారేమోనని నా అనుమానం.) అన్నిటికన్నా ముఖ్యం, సంచులూ ఫిల్టర్లూ ఎన్నేళ్లపాటు దొరుకుతాయి? ఈ ఆఖరి ప్రశ్న వేస్తే కుర్రాడు మేనేజర్ని పిలుస్తాడు. మేనేజరు కూల్‌డ్రింకు తెప్పిస్తాడు. ప్రశ్న అక్కడితో చల్లబడుతుంది.

నిజం చెప్పాలంటే ఈ యంత్రం మన నేలల కోసం పుట్టలేదు. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు తయారుచేసింది గుర్రబ్బండి మీద వచ్చేది. బండి వీధిలో ఆగేది, గొట్టాలు కిటికీల్లోంచి ఇంట్లోకి దూరేవి. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి ముందు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో తివాసీలు దాంతోనే శుభ్రం చేశారు. మా ఇంట్లో తివాసీ ఏదీ? ఉన్నది మొజాయిక్ గచ్చు. దానికి చీపురూ తడిగుడ్డా చాలు. యంత్రానికి మిగిలింది సోఫా, పరుపులు, కర్టెన్లు, కిటికీ ఊచలు.

అమెరికాలో, ఒహాయో రాష్ట్రం కాంటన్‌లో, ఒక దుకాణంలో ఊడ్చే పనిచేసే జేమ్స్ ముర్రే స్పాంగ్లర్‌కి ఆస్తమా. దుమ్ము పడక, ఓ ఫ్యాను మోటారు, ఓ చీపురుకర్ర, ఓ దిండు గలీబు కలిపి చేతిలో ఇమిడే యంత్రం చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. ఆ హక్కులు హూవర్ అనే వ్యాపారి కొనుక్కుని లోకమంతా అమ్మాడు. ఇది చదివిన రాత్రి నా చూపు మా దిండ్ల మీద పడింది. స్పాంగ్లర్‌కి సరిపోయిన గలీబు నాకెందుకు సరిపోదు? "ఆ గలీబు మీద చెయ్యిపడితే ఊరుకోను," అంది మా ఆవిడ, కళ్లు తెరవకుండానే. శాస్త్రం కూడా ఆవిడ పక్షమే. ఈ యంత్రాల్లో మోటారు సంచికి వెనక ఉంటుంది. మామూలు గుడ్డలోంచి జారిన సన్నదుమ్ము తిన్నగా మోటార్లోకే పోతుంది.

ఒకప్పుడు ఈ యంత్రమే మన గుమ్మంలోకి నడిచొచ్చేది. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ వాళ్ల కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగేవాళ్లు. బెజవాడ మే నెల ఎండలో మెడకి టై! ఆ టై చూసే మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టేవాళ్లం. మన పరుపు మీదే గొట్టం పెట్టి, పీల్చిన మట్టిని తెల్లగుడ్డ మీద పరిచి చూపిస్తే, ఇంటావిడ మొహం చిన్నబోయేది. మా ఇంట్లో ఉన్నది వాళ్ల కంపెనీది కాదు. కాబట్టి వాళ్లమీద నాకే కోపమూ లేదు.

చీపురు మాట వచ్చింది కాబట్టి కొండచీపురు గురించి రెండు ముక్కలు చెప్పి వస్తాను. అరకు, పాడేరు వైపు కొండవాలుల్లో పెరిగే గడ్డి అది. గిరిజనులు కోసి, ఎండబెట్టి, కట్టలు కడతారు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో ఈ చీపుళ్లు కూడా ఉన్నాయి. మన బజారుకొచ్చేసరికి పిడికి రంగురంగుల ప్లాస్టిక్ తొడుగు పడుతుంది. ఆ తొడుగు చూసి మోసపోకూడదనేది మా అమ్మ. పిడి పట్టుకుని కొట్టువాడి ఎదురుగానే ఒక్క విదిలింపు విదిలించేది. ఒక్క పుల్ల జారినా చీపురు వెనక్కి. తర్వాత కుచ్చు పిడికిట్లో నొక్కి, వదిలి, ఎంత త్వరగా విచ్చుకుంటుందో చూసేది. నగల కొట్లో కూడా ఆవిడ అంత పరీక్ష పెట్టలేదు.

ఇంటికి తెచ్చాక అసలు కథ. కొత్త కొండచీపురు మొదటి వారం ఊడ్చేదానికన్నా రాల్చేదే ఎక్కువ. సన్నటి నూగు, పచ్చటి పొట్టు, అది పోయిన దారంతా గీత గీసినట్టు పడుతుంది. దాన్ని ఊడవడానికి పాత చీపురు కావాలి. అందుకే తెలివైన ఇల్లాలు పాతది ఉండగానే కొత్తది తెస్తుంది. నూగు వదలడానికి పిట్టగోడకేసి బాదేవాళ్లున్నారు, నీళ్లలో ముంచి ఆరబెట్టేవాళ్లున్నారు, పాత దువ్వెనతో తల దువ్వేవాళ్లున్నారు. మా ఇంట్లో మూడూ చేస్తారు, వరసగా.

ఇక దాని ఉద్యోగం. గవర్నమెంటు సర్వీసే, కాకపోతే ప్రమోషన్లు కిందికి నడుస్తాయి. మొదటి పోస్టింగు హాల్లో. కుచ్చు అరిగాక వంటింటికి బదిలీ. ఇంకా అరిగాక డాబా మీదికి. ఆపైన వెదురుకర్రకి కట్టి బూజులు దులిపే డిప్యుటేషన్. ఆఖరికి పుల్లలు మిగిలాక బాత్రూములో పంపు కింద. రిటైర్మెంటు మాత్రం ఉండదు. భోగిమంటలో వెయ్యబోతే మా అత్తగారు అడ్డం పడతారు, లక్ష్మీదేవి కదా. చెత్తబండిలో వెయ్యబోతే శుక్రవారం అడ్డం పడుతుంది. తొక్కకూడదు, నిలబెట్టకూడదు, దీపం పెట్టాక ముట్టుకోకూడదు.

వ్యాక్యూమ్ క్లీనర్‌కి ఈ నిబంధనలు వర్తిస్తాయా అన్నది మా ఇంట్లో పెండింగ్ కేసు. ఊడిస్తే లక్ష్మి గుమ్మం దాటిపోతుందేమో గాని, పీలిస్తే సంచిలోనే ఉంటుంది కదా అని నా వాదన. "ఆ సంచి తీసుకెళ్లి పారబోసేదెక్కడ అల్లుడుగారూ?" అన్నారు మా అత్తగారు. వాయిదా తీసుకున్నాను.

సంచి దగ్గరికే వచ్చాం మళ్లీ. సంచి లేనివీ ఉన్నాయి, డబ్బాలో పడుతుంది, పారబొయ్యడమే అని చెప్తారు. పారబోసేటప్పుడు సగం మన మొహాన్నే పడుతుందని చెప్పరు. అందులో ఫిల్టరు కడుక్కోవాలి. కడగొచ్చని దానిమీద రాసి ఉంటేనే సుమండీ. 0.3 మైక్రాన్ల నలుసుల్ని సైతం నూటికి 99.97 ఆపితేనే దాన్ని హెపా ఫిల్టరనాలట. మా దేవుడి గదిలో ఒక్కసారి తిప్పితే చాలు, దాని ఊపిరి ఆగుతుంది. కడుగుతుంటే ముందు పసుపు నీళ్లు, తర్వాత కుంకం నీళ్లు, ఆ తర్వాత అగరొత్తి బూడిద, చిట్టచివర ముగ్గుపిండి. కడిగాక నీడలో ఒక రోజంతా ఆరాలి. తడిదే పెట్టేస్తే ఇల్లంతా ముక్కవాసన. బ్రష్షుకి చుట్టుకున్న వెంట్రుకల్ని కత్తెరతో కోసి లాగాలి. ఇల్లు శుభ్రం చేసే యంత్రాన్ని శుభ్రం చెయ్యడానికి ఒక మనిషి కావాలి.

రోబో తీసుకోమంటాడు మా బావమరిది. వాడిది హైదరాబాద్ కొండాపూర్‌లో ఫ్లాటు, ఆ చివరనుంచి ఈ చివరదాకా గడపన్నది లేదు. మా ఇంట్లో ప్రతి గదికీ గడపే, ప్రతి గడపకీ పసుపే. వాడు తెచ్చి వదిలిన రోబో గడప దగ్గర తల కొట్టుకుని వెనక్కి తిరిగింది. వంటింట్లో నల్లరాయి పలక కనబడేసరికి గొయ్యి అనుకుని ఆగిపోయింది. మెట్ల మీంచి పడకుండా దానికి పెట్టిన సెన్సర్లు నల్లనేలని చూసి అలా భయపడతాయట.

సర్వీసు వాళ్లకి ఫోను చేస్తే ఓటీపీ వస్తుంది. మనిషి వచ్చేలోపలే "పని పూర్తయింది, ఓటీపీ చెప్పండి సార్" అని ఫోనొస్తుంది. ఏ పని? "సంచి స్టాకు లేదని చెప్పడం సార్." కోపం ఆ కుర్రాడి మీద కాదు. నడిచే యంత్రాన్ని గుడ్డముక్క కోసం చంపేసే వ్యాపారం మీద. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. గృహోపకరణాలు కూడా అందులో ఉన్నాయి. హక్కు వచ్చేదాకా మోటారు పాడవకుండా చూసుకోవడం నా వంతు.

ఇంత సణుగుతున్నా, 2024 సెప్టెంబరు గుర్తొస్తే నోరు కాస్త తగ్గుతుంది. బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్‌నగర్ మునిగింది. గవర్నర్‌పేటలో మాకు తడిసింది గొడుగులే. మా ఇంట్లో ఊడ్చే ఆవిడది సింగ్‌నగర్. రోజుల తరబడి నీళ్లు, నీళ్లు తీశాక బురద. ఫైరింజన్లు వీధివీధికీ తిరిగి ఇళ్లు కడిగాయి. ఆ పైపు నీళ్లు అందనిచోట, బీరువా కింద, మంచం కోళ్ల దగ్గర, స్విచ్చుబోర్డు సందుల్లో, ఆవిడ చేత్తో తీసుకుంది. మళ్లీ పనిలోకొచ్చిన రోజు, యంత్రం పనిచెయ్యట్లేదనీ సోఫా కిందంతా దుమ్మేననీ నేను చెప్తే, వంగి చూసి, "ఇక్కడ దుమ్మేం లేదు సార్," అంది. వెటకారం కాదు. నిజంగానే ఆవిడకి కనబడలేదు.

అప్పట్నుంచి ఆదివారాలు ఆవిడ రావడం లేదు, వద్దని మేమే అన్నాం. సొంత ఇల్లు సర్దుకోవడానికి అంతకుముందు ఆవిడకో రోజు ఉండేదా అని మేమెప్పుడూ అడగలేదు. ఆదివారం చీపురు నాది. నడుం పట్టేసి కుర్చీలో కూలబడగానే మా ఆవిడ వస్తుంది. "ఏవండీ, సోఫా కింద వదిలేశారు."